నాలుగు సూత్రాలూ తలో దిక్కుకు లాగితే దేనికి పెద్దపీట వేయాలి?

ప్రశ్న అడిగినవారు: చదువరి

వైద్యనీతిని పాఠ్యాంశంగా ఈ మధ్యనే చదవడం మొదలుపెట్టాను. రోగి స్వయంనిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయంగా వ్యవహరించడం అనే నాలుగు సూత్రాలు ఏ పుస్తకం తెరిచినా మొదటి పుటల్లోనే కనిపిస్తున్నాయి. విడివిడిగా చూస్తే వీటిలో దేనితోనూ నాకు పేచీ లేదు. ఒకే మనిషి విషయంలో అవి తలో దిక్కుకు లాగినప్పుడు ఏం చేయాలన్నదే అంతుపట్టడం లేదు.

తరగతిలో చర్చకు ఇచ్చిన సందర్భం ఇది. డెబ్బై ఏళ్లు దాటిన ఒక మహిళకు మధుమేహం ముదిరి పాదం కుళ్లిపోయింది. మోకాలి కింద కాలు తీసేస్తే బతికే అవకాశం బాగానే ఉందని, తీయకపోతే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి కొద్ది వారాల్లో ప్రాణం పోవచ్చని సర్జన్ చెప్పారు. ఆమె మొదట ఒప్పుకుని సంతకం చేశారు, మరునాడు వద్దన్నారు. సాయంత్రం కూతురు బతిమాలితే సరేనన్నారు, తెల్లవారేసరికి మళ్లీ వద్దన్నారు. కొడుకు మాత్రం, అమ్మ స్థిమితంగా ఆలోచించే స్థితిలో లేదని, తాను సంతకం పెడతానని, ఆపరేషన్ కానివ్వమని పట్టుబడుతున్నాడు.

తరగతి రెండుగా చీలిపోయింది. ఆమె శరీరం ఆమెది కాబట్టి ఆమె మాటే చెల్లాలని ఒక వర్గం అంటే, పూటకో మాట చెప్పేవారి మాటను పట్టుకుని ఒక ప్రాణాన్ని వదిలేయడం వైద్యం ఎలా అవుతుందని రెండో వర్గం అడిగింది. రెండు వర్గాలూ సూత్రాల పేర్లే చెప్పాయి, రెండూ కూడా తమదే సరైన అన్వయమన్నాయి. కాబట్టి ఈ నాలుగింటికి ముందు వెనుకల వరుస ఏదైనా ఉందా, లేక ఎవరికి తోచిన తీర్పు వారు ముందే అనుకుని దానికి ఒక సూత్రం పేరు తగిలించడమేనా అన్నది తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: వార్డుమనిషి

మీ చివరి అనుమానం సబబైనదే. సూత్రం పేరు చెప్పినంత మాత్రాన తీర్పు రాదు. అయితే మీ తరగతి రెండుగా చీలడానికి సూత్రాల ఘర్షణ కన్నా, తెలియవలసిన సంగతులు తెలుసుకోకుండానే వాదనకు దిగడం ఎక్కువ కారణమని నాకు అనిపిస్తోంది. ఆసుపత్రి ఎథిక్స్ కమిటీల ముందుకు వచ్చే సందర్భాలలోనూ తరచుగా ఇదే చూస్తాం. రోగి చికిత్సను నిరాకరిస్తున్నారని కేస్‌షీటులో ఒక వాక్యం ఉంటుంది కానీ, ఎందుకు నిరాకరిస్తున్నారో అందులో ఎక్కడా ఉండదు.

జాన్సన్, సీగ్లర్, విన్స్‌లేడ్ అనే ముగ్గురు 1982లో క్లినికల్ ఎథిక్స్ మీద తెచ్చిన పుస్తకంలోని నాలుగు గళ్ల పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. జబ్బు ఏమిటి, ఏ చికిత్స వల్ల ఎంత ఫలితం అన్న వైద్యపరమైన సంగతులు ఒక గడిలో, రోగి అభీష్టం రెండో గడిలో, చికిత్స తర్వాత ఆ మనిషి బతుకు ఎలా ఉంటుందన్నది మూడో గడిలో, కుటుంబం, ఖర్చు, చట్టం వంటి చుట్టూ ఉన్న పరిస్థితులు నాలుగో గడిలో రాస్తారు. ఇందులో ఏ గడీ దానంతటదే తీర్పు చెప్పదు. ఏ గడి ఖాళీగా ఉందో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీరు రాసిన సందర్భంలో మూడో గడి పూర్తిగా ఖాళీ, రెండో గడిలో అవును, కాదు అన్న మాటలు తప్ప మరేమీ లేవు.

నేనైతే ఆమె పక్కన కుర్చీ వేసుకుని, కొడుకునూ కూతురునూ కాసేపు బయట ఉండమని చెప్పి, మొదట ఒకే ఒక మాట అడుగుతాను: "డాక్టరుగారు మీ కాలి గురించి ఏం చెప్పారో, మీకు అర్థమైనంతవరకు మీ మాటల్లో చెప్పండమ్మా." ఈ ప్రశ్నకు వచ్చే జవాబులో సగం చర్చ తేలిపోతుంది. చెప్పింది అర్థం చేసుకోగలగడం, అది తనకే వర్తిస్తుందని గుర్తించగలగడం, ఇటూ అటూ పోల్చి ఆలోచించగలగడం, ఒక నిర్ణయాన్ని తెలియజేయగలగడం అనే నాలుగు శక్తులను నిర్ణయ సామర్థ్యానికి కొలమానంగా తీసుకోవాలని యాపెల్‌బామ్, గ్రిసో 1988లో ప్రతిపాదించారు. ఈ రోజు ఆసుపత్రుల్లో వాడే పరీక్షలకు చాలావరకు అదే పునాది. ఇందులో డాక్టరుతో ఏకీభవించడం అనేది ఎక్కడా లేదన్న సంగతి గమనించండి.

ఆమె మాట మార్చడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాలు పోతుందని తెలిసిన మనిషి రెండు మూడు రోజులు ఊగిసలాడటం సహజం, అది బుద్ధి చెదిరిందనడానికి రుజువు కాదు. అయితే ఏ గంటలో ఏ మాట చెబుతున్నారో గమనించాలి. నొప్పి మందు ఇచ్చిన తర్వాత మగతలో చెప్పారా, జ్వరం పెరిగిన వేళ చెప్పారా, కూతురు ఏడుస్తుంటే చూడలేక సరేనన్నారా అన్నది తేడా తెస్తుంది. మత్తుమందు ఇచ్చాక మళ్లీ మెలకువ రాదేమోనన్న భయంతో వద్దంటున్న మనిషికి, వెన్నులో సూదితో నడుము కింద మాత్రమే మొద్దుబార్చి ఆపరేషన్ చేయవచ్చేమో అడిగి చెప్పడమే జవాబు. పిల్లలకు భారమవుతానని వద్దంటున్న మనిషి విషయంలో ఆ పిల్లలు ఎదుట కూర్చుని మాట్లాడాలి. కాలు లేకుండా బతకడం తనకు బతుకే కాదని, దానివల్ల ఏమవుతుందో తెలిసే వద్దంటున్నానని చెప్పే మనిషి సంగతి వేరు. మీ తరగతి తలపోసిన ఘర్షణ నిజంగా మొదలయ్యేది ఈ మూడో మనిషి దగ్గరే.

సమాధానం: మూలసూత్రం

వార్డుమనిషిగారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, వరుస గురించిన ప్రశ్నను నేరుగా తీసుకుంటాను. వరుస లేదు. అది మరచిపోయి వదిలేసిన లోటు కాదు, ఆ సిద్ధాంతం నిర్మాణమే అలాంటిది.

అమెరికాలో టస్కీగీ అధ్యయనం పేరిట 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స అందకుండా చేసి, జబ్బు ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నారు. అధ్యయనంలో సుమారు 600 మంది ఉండగా వారిలో 399 మందికి ఆ జబ్బు ఉంది. 1940ల చివరినాటికే పెన్సిలిన్ ప్రామాణిక చికిత్సగా స్థిరపడినా వారికి అది ఇవ్వలేదు. ఈ సంగతి బయటపడిన తర్వాత మనుషుల మీద జరిపే పరిశోధనలకు నియమాలు సూచించడానికి 1974లో ఏర్పాటైన జాతీయ కమిషన్, వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే మూడు సూత్రాలతో 1979లో బెల్మాంట్ నివేదికను వెలువరించింది. అదే ఏడాది బోషాంప్, చిల్డ్రెస్ ప్రచురించిన పుస్తకం హాని చేయకపోవడాన్ని వేరు చేసి నాలుగు సూత్రాలను స్థిరపరిచింది. బెల్మాంట్ నివేదిక పరిశోధనల కోసం రాసినది కాగా, వీరి పుస్తకం చికిత్సకు కూడా వర్తించేలా రాసినది. మనం ఈ రెంటినీ ఒకే గాటన కట్టి చదువుతుంటాం కానీ, పరిశోధనకు ఒప్పుకోమని అడగడం వేరు, చికిత్సకు ఒప్పుకోమని అడగడం వేరు.

బోషాంప్, చిల్డ్రెస్ ఇద్దరూ డబ్ల్యూ. డి. రాస్ అనే తత్త్వవేత్త 1930లో చెప్పిన ఒక ఆలోచనను తీసుకున్నారు. దాని ప్రకారం ప్రతి కర్తవ్యమూ, అంతకు మించిన మరో కర్తవ్యం అడ్డురానంతవరకు, మనల్ని కట్టి ఉంచుతుంది. అడ్డు వచ్చినప్పుడు ఏది పైచేయి అన్నది ఆ సందర్భంలోనే తేలాలి. అలాగని తోచింది చేయమని కాదు. ఒక సూత్రాన్ని పక్కన పెట్టదలచినవారు అందుకు బలమైన కారణం చూపాలి, అలా చేస్తే అనుకున్నది సాధ్యమవుతుందన్న నమ్మకానికి ఆధారం ఉండాలి, అంతకన్నా మెరుగైన దారి లేదని తేలాలి, ఉల్లంఘన వీలైనంత తక్కువగా ఉండాలి, దాని చెడు ఫలితాలను తగ్గించే ప్రయత్నం జరగాలి, ఇందులో ఎవరి పట్లా పక్షపాతం ఉండకూడదు. మీ తరగతిలోని రెండో వర్గాన్ని ఈ షరతులతో నిలదీయండి. మెలకువగా ఉండి వద్దంటున్న మనిషిని మంచానికి కట్టి, మత్తుమందు ఇచ్చి, కాలు తీసేయడం అతి తక్కువ ఉల్లంఘన అని వారు వాదించగలరా? ఆపరేషన్ తర్వాత డ్రెస్సింగులకు, కృత్రిమ కాలితో నడక నేర్చుకోవడానికి ఆమె సహకారం కావాలి కదా, అది ఎక్కడ నుంచి వస్తుంది?

మీ అనుమానాన్ని మీకన్నా ముందే గట్టిగా పలికినవారున్నారు. క్లౌజర్, గెర్ట్ 1990లో రాసిన వ్యాసంలో, ఈ సూత్రాలు ఏ ఒక్క సిద్ధాంతం నుంచీ పుట్టలేదని, పరీక్షలో అంశాల పేర్లు గుర్తుపెట్టుకున్నట్టు ఏయే విషయాలు ఆలోచించాలో జ్ఞాపకం చేస్తాయే తప్ప ఏం చేయాలో చెప్పవని విమర్శించారు. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఆ జాబితా కూడా తక్కువది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఘోరమైన పొరపాట్లు ఎక్కువగా జరిగేది తప్పుగా తూచడం వల్ల కాదు, ఒక సంగతిని అసలు తలచుకోకపోవడం వల్ల.

మరో దారి కూడా ఉంది. జాతీయ కమిషన్‌లో పనిచేసిన జాన్సన్, టూల్మిన్‌తో కలిసి 1988లో రాసిన పుస్తకంలో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. కమిషన్ సభ్యులు ఒక్కో సందర్భంలో ఏం చేయాలన్న దాని మీద సులువుగానే ఒక మాట మీదకు వచ్చేవారట, ఎందుకు చేయాలన్న దాని మీద మాత్రం ఎవరి వాదన వారిదే. అంటే సూత్రం నుంచి సందర్భానికి దిగనక్కర్లేదు, తేలిన సందర్భం నుంచి తేలని సందర్భానికి నడవవచ్చు.

మీ ప్రశ్నకు ఈ దారి చక్కగా సరిపోతుంది, కాలు తీయనివ్వనన్న మనుషుల కేసులు కోర్టులకు ఎక్కినవి ఉన్నాయి కనుక. 1978లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గాంగ్రీన్ వచ్చి, అంటే కాలు కుళ్లిపోయిన 77 ఏళ్ల మహిళ అచ్చంగా మీ సందర్భంలోలాగే ఒప్పుకుని, కాదని, మళ్లీ ఊగిసలాడి చివరకు వద్దన్నారు. కూతురు సంరక్షకురాలిగా సంతకం చేస్తానని కోర్టుకు వెళ్లగా కింది కోర్టు సరేనంది, అప్పీలు కోర్టు కాదంది. ఆమె మొదట ఒప్పుకున్నప్పుడు ఆమె సామర్థ్యాన్ని ఎవరూ శంకించలేదని, వద్దన్న తర్వాతే ఆ శంక పుట్టిందని ఆ కోర్టు ఎత్తిచూపింది. అదే ఏడాది అమెరికాలోనే టెనెసీ రాష్ట్రంలో 72 ఏళ్ల మరో మహిళకు రెండు పాదాలూ కుళ్లిపోయాయి. ఆమె తెలివిగా మాట్లాడేవారు, కానీ పాదాల దగ్గరకు వచ్చేసరికి, ఆ నలుపు మసి మాత్రమేనని, వాటికేమీ కాలేదని అనేవారు. తనకు బతకాలనీ ఉంది, పాదాలూ ఉండాలి. ఆ రెండూ ఒకేసారి కుదరవన్న మాట ఆమె మనసుకు ఎక్కలేదు. కాళ్లు పోవడం కన్నా చావే మేలని ఆమె తెలిసి చెప్పి ఉంటే మన్నించేవారమని, ఆమె ఆ ఎంపికే చేయలేకపోతున్నారని కోర్టు తేల్చింది. మూడోది ఇంగ్లండ్‌లో 1994 నాటి న్యాయనివేదికలలో 'సి' అన్న అక్షరంతో కనిపించే 68 ఏళ్ల వ్యక్తి కేసు. ఆయనకు స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు, తాను పేరుమోసిన డాక్టరునన్న భ్రమ. కాలు తీయకపోతే బతికే అవకాశం 15 శాతమేనని సర్జన్ అంచనా. అయినా తన కాలి పరిస్థితిని, చావు ముప్పును ఆయన అర్థం చేసుకుని, నమ్మి, బేరీజు వేయగలిగారని, కాబట్టి నిరాకరించే హక్కు ఉందని కోర్టు చెప్పింది. ఆయన చిన్న శస్త్రచికిత్సకు ఒప్పుకోగా అప్పటికి గండం గడిచింది కూడా.

మానసిక జబ్బున్న మనిషికి సామర్థ్యం ఉందని, జబ్బు లేనట్టు కనిపించిన మనిషికి లేదని తేలడం చూడండి. మీ సందర్భంలోని మహిళను ఈ ముగ్గురిలో ఎవరి పక్కన నిలబెట్టాలన్నదే అసలు ప్రశ్న. జవాబు ఆమెతో మాట్లాడనిదే దొరకదు.

చదువరి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ మూడు కేసులూ తరగతిలో చదివి వినిపిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. సామర్థ్యం ఉందని తేలాక ఆమె మాటే అంతిమమైతే, ఆచరణలో స్వయంనిర్ణయానికే మొదటి స్థానం ఇచ్చినట్టు కాదా? అలాగే కుటుంబానికి ఇందులో చోటే లేదా? న్యాయం అన్న నాలుగో సూత్రం కూడా ఈ చర్చలో ఎక్కడా కనిపించలేదు.

సమాధానం: మరోవైపు

కుటుంబం గురించిన మీ సందేహం దగ్గర నేను కాస్త భిన్నంగా మాట్లాడతాను. పైన ఇద్దరూ గీసిన బొమ్మలో రోగి ఒంటరి మనిషి, ఎదుట కాగితం, చేతిలో కలం. జబ్బు చేసిన మనుషులు అలా ఉండరు. కెరోల్ గిలిగన్ 1982లో వెలువరించిన పుస్తకం తర్వాత సంరక్షణ నీతి అనే ఆలోచనాధార బలపడింది. హక్కులు, సూత్రాలు అని మొదలుపెట్టక, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారు, ఎవరు ఎవరిని చూసుకుంటున్నారు అన్న దగ్గర మొదలుపెట్టాలని అది అంటుంది. ఆ మహిళ పిల్లలకు భారమవుతానని బాధపడటాన్ని బయటి ఒత్తిడిగా లెక్కగట్టి తుడిచేయలేం, ఆ పిల్లల తల్లిగా ఉండటం ఆమె జీవితంలో పెద్ద భాగం కావచ్చు.

అలాగని కొడుకు సంతకానికి నేను వత్తాసు పలకడం లేదు. ఆమె మెలకువగా, తెలివితో ఉండగా ఆ సంతకానికి విలువ లేదు. కానీ ఆమే "నాకీ లెక్కలన్నీ వద్దు, మా అమ్మాయి ఎలా అంటే అలాగే" అంటే, అది కూడా ఆమె చేసిన నిర్ణయమే. తెలుసుకోకుండా ఉండే హక్కు, నిర్ణయాన్ని నమ్మినవారికి అప్పగించే హక్కు ఉన్నాయి. కాకపోతే ఆ మాట ఆమె నోటి నుంచి, ఎవరూ లేనప్పుడు రావాలి. కుటుంబం చేయగల అసలు పని మరొకటి ఉంది. ఆమె ఇన్నేళ్లుగా దేనికి విలువ ఇచ్చారో, ఇలాంటి జబ్బుతో ఉన్నవారిని చూసినప్పుడు ఏమనేవారో చెప్పగలిగేది వారే. కొడుకును నీకేం కావాలని అడిగితే అతని భయం బయటికి వస్తుంది, మీ అమ్మగారైతే ఏమంటారని అడిగితే ఆవిడ గురించి తెలుస్తుంది.

సమాధానం: పంపకం

న్యాయం కనిపించలేదన్నారు. ఈ సందర్భంలో అది కనిపించకపోవడమే మంచిది. ఎవరికి ఎంత అన్న ప్రశ్నను ఒక రోగి మంచం దగ్గర, ఒక డాక్టరు మనసులో తేల్చుకోకూడదు. ఆవిడకు ఎలాగూ డెబ్బై దాటాయి, ఆ ఐసీయూ మంచం ఇంకొకరికి పనికొస్తుంది అన్న ఆలోచన, రోగి అభీష్టాన్ని గౌరవిస్తున్నామన్న ముసుగులో దూరే ప్రమాదం ఉంది. నిరాకరించిన రోగి వయసులో చిన్నవారైతే ఇంతే సులువుగా ఒప్పుకునేవారమా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

కొరత నిజంగా ఉన్నప్పుడు పంపకం ఎంత చెడిపోగలదో అమెరికాలోని సియాటిల్ నగరం అనుభవం చూపిస్తుంది. స్క్రిబ్నర్ అనే డాక్టరు 1960లో కనిపెట్టిన షంట్, అంటే రక్తనాళాలకు అమర్చి ఉంచే గొట్టం వల్ల పదే పదే డయాలిసిస్ చేయడం సాధ్యమైంది, యంత్రాలు మాత్రం చాలవు. వైద్యపరంగా అర్హులని తేలినవారిలో ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడానికి ఒక కమిటీని వేశారు. లాయరు, మతాచార్యుడు, బ్యాంకరు, గృహిణి, ప్రభుత్వాధికారి, కార్మిక నాయకుడు, సర్జన్ కలిపి ఏడుగురు. వారు ఉద్యోగం, ఆదాయం, పెళ్లి, పిల్లలు, చర్చికి వెళ్లే అలవాటు వంటివి చూశారు. 1962లో ఒక పత్రిక ఆ సంగతి రాసేసరికి పెద్ద దుమారం లేచింది. తమలాంటివారినే బతికించుకుంటున్నారన్న విమర్శకు వారి దగ్గర జవాబు లేదు. చివరకు 1972లో అమెరికా కాంగ్రెస్ మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారికి చికిత్స ఖర్చును మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేర్చింది. కొరతను ఎలా పంచాలన్న చిక్కు ఆ ఒక్క జబ్బుకు అలా తీరింది, మిగిలినవాటికి అలాగే ఉంది.

అందుకే నార్మన్ డేనియల్స్, జేమ్స్ సేబిన్, ఏది న్యాయమో అందరూ ఒప్పుకోకపోయినా నిర్ణయించే పద్ధతి మీద ఒప్పుకోవచ్చన్నారు. కారణాలు అందరికీ తెలిసేలా ఉండాలి, అవి విషయానికి సంబంధించినవై ఉండాలి, మళ్లీ విచారించమని అడిగే వీలుండాలి, ఇవన్నీ అమలయ్యేలా చూసే ఏర్పాటు ఉండాలి. సియాటిల్ కమిటీ సభ్యుల పేర్లే బయటపెట్టలేదు, కారణాల మాట చెప్పనక్కర్లేదు.

సమాధానం: వార్డుమనిషి

స్వయంనిర్ణయానికే మొదటి స్థానం ఇచ్చినట్టు కాదా అన్న ప్రశ్న మిగిలిపోయింది. తన శరీరం వరకు, తెలిసి వద్దన్న మనిషి విషయంలో, ఆచరణలో అంతే. కానీ ఆ మనిషి అడిగిన ప్రతిదీ చేయాలని దాని అర్థం కాదు. వద్దనే హక్కు ఎంత గట్టిదో, ఇదే చేయమనే హక్కు అంత గట్టిది కాదు. ఒక రోగి పనికిరాని ఆపరేషన్ కోరితే సర్జన్ కాదనవచ్చు. క్షయ వంటి అంటువ్యాధి ఉన్న మనిషి చికిత్స మానేసి జనంలో తిరుగుతానంటే ఇతరులకు జరిగే హాని లెక్కలోకి వస్తుంది. మన సందర్భంలో గాంగ్రీన్ ఎవరికీ అంటుకోదు.

మీ తరగతిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆమె వద్దన్నారు, మనం సరేనన్నాం, నాలుగు రోజుల తర్వాత ఇన్‌ఫెక్షన్ వల్ల స్పృహ తప్పింది. ఇప్పుడు ఆమెకు సామర్థ్యం లేదు, కొడుకు మళ్లీ సంతకానికి సిద్ధంగా ఉన్నాడు. అప్పటివరకు గౌరవించిన నిరాకరణ స్పృహతోపాటే పోతుందా? అలా పోయేదైతే, రోగి స్పృహ తప్పేవరకు వేచి ఉండటమే గౌరవం అనిపించుకుంటుంది. 'సి' కేసులో కోర్టు ఆ ఒక్కరోజు మాటనే కాపాడలేదు, ముందు ముందు కూడా ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ కాలు తీయకూడదని ఆదేశించింది. కాబట్టి ఆమె తెలివిగా ఉన్నప్పుడే, "మీకు స్పృహ లేనప్పుడు కూడా ఇదే మాటా?" అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు తేదీ, సమయం వేసి కేస్‌షీటులో రాయాలి. మనసు మారితే ఏ గంటలోనైనా చెప్పవచ్చని ఆమెకు తెలియాలి. నొప్పి తగ్గించే మందులు, డ్రెస్సింగు, యాంటీబయాటిక్స్‌లో ఏవి కావాలో వేరుగా అడగాలి, ఎందుకంటే కాలు తీయొద్దన్న మనిషి వైద్యమే వద్దనలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉండే కొత్త డాక్టరుకు ఇదంతా ఎవరు చెబుతారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.